ఆఖరి మనిషి ఒడ్డెక్కేదాకా

ఇలా దగ్గరికి జరగండి. గుమ్మంలో కూర్చుంటే నా మాట మీకు సగమే వినపడుతుంది. చాప మీద చోటుంది. చంటిపిల్లలుంటే ఒళ్లో పెట్టుకోండి. మంచినీళ్లు తాగాలంటే ఇప్పుడే తాగి రండి, మధ్యలో లేవకండి. నేను చదివింది మూడో తరగతి. కూడబలుక్కుని రాయడం పెద్దయ్యాక అబ్బింది. అందుకని నోటితో ఎలా చెబుతానో అలాగే రాస్తాను. రాతలో తప్పులుంటే సర్దుకోండి. జ్ఞాపకంలో మాత్రం తప్పుండదు.

మాది కొల్లేటి లంక ఊరు. చుట్టూ నీళ్లు, మధ్యన కాస్త మెరక, ఆ మెరక మీద ఇళ్లు. మా పిల్లలకి నడకా ఈతా కాస్త అటూ ఇటూగా ఒకేసారి వస్తాయి. ఈతతో పాటు ఒక కట్టుబాటు కూడా వస్తుంది. వల ఎత్తడానికో, గుర్రపుడెక్క కోయడానికో నలుగురు కలిసి నీళ్లలోకి దిగారనుకోండి, ముందు గట్టెక్కినవాడు అక్కడే నిలబడాలి. వెనక వస్తున్న తలల్ని చూసుకోవాలి. ఆఖరి మనిషి ఒడ్డెక్కేదాకా ఎవరూ తడిబట్ట పిండుకోకూడదు. చలికి పళ్లు టకటకలాడుతున్నా సరే. చిన్నప్పుడు ఒకసారి నేను ముందుగా ఎక్కి తువ్వాలు పిండుకుంటుంటే మా నాన్న చెవి మెలిపెట్టాడు. "మీ పెదనాన్న ఇంకా నీళ్లలో ఉన్నాడు, కనపడటం లేదూ?" అన్నాడు. ఎందుకలా అని నేను అడగలేదు. అన్నం కుడిచేత్తో ఎందుకు తింటున్నావని ఎవరైనా అడుగుతారా?

నా భార్యది చింతలపూడి వైపు మెట్ట ఊరు. మా వాళ్లే, ఎప్పుడో తాతల కాలంలో అటు వలసపోయారు. మా నాన్న ఎండుచేపలు తీసుకుని ఆ ఊళ్లకి వెళ్తుండేవాడు. అక్కడ వాళ్ల నాన్నతో మాట కలిసి మా పెళ్లిదాకా వచ్చింది. కాపరానికి వచ్చిన రోజు దోనె ఎక్కించాను. దోనె కాస్త ఊగితే నా చొక్కా పట్టుకుంది. మళ్లీ ఊగితే ఆ చొక్కా చిరిగింది.

"ఏవండీ, మీ ఊరికి నేల మీద దారి లేదాండీ?"

"ఉంది. వేసవిలో నీళ్లు తీశాక."

"అయితే వేసవిలోనే పెళ్లి చేసుకోవలసింది కదండీ!"

దోనె తోసే మా అన్నయ్య నవ్వాపుకోలేక గెడ వదిలేశాడు. ఆ మాట మా ఊళ్లో చాలా ఏళ్లు తిరిగింది.

నీళ్లంటే భయం ఆవిడకి చివరిదాకా పోలేదు. అంతకంటే పెద్ద బాధ తాగే నీళ్లు. అవి వేరే ఊరి నుంచి బిందెలతో పడవ మీద రావాలి. పడవ రాని రోజు వానాకాలమైతే పట్టుకున్న చూరునీళ్లు, ఎండాకాలమైతే సరస్సు నీళ్లే వడగట్టి కాచుకోవడం. "ఇన్ని నీళ్ల మధ్యన కాపరం పెట్టి గుక్కెడు మంచినీళ్లకి ఎదురుచూడటం ఏంటండీ" అనేది. నవ్వుతూనే అనేది. కొన్నాళ్లకి నవ్వడం మానేసింది.

ఇంతలో చెరువుల గట్లు కొట్టిన ఏడు వచ్చింది. కొల్లేరు కొల్లేరులాగే ఉండాలని సర్కారువాళ్లు చేపల చెరువుల గట్లు మిషన్లు పెట్టి తెగ్గొట్టించారు. అది మంచిదా చెడ్డదా అన్నది పెద్దవాళ్లే తేల్చుకోలేదు, నేనేం తేలుస్తాను? మా ఊరి చెరువు పోయింది, దాని మీద నా కాపలా పని పోయింది. నీళ్లలో వేటకి పోతే ఒకరోజు కూరకి సరిపడా, ఒకరోజు అదీ లేదు. మా పాపకి అప్పుడు ఐదో ఏడు. నీళ్లు పడక విరేచనాలు పట్టుకున్నాయి. ఏలూరు ఆస్పత్రిలో సెలైన్లు ఎక్కించి ఇంటికి తెచ్చాక నా భార్య బట్టలు సర్దింది.

"కోపం కాదండీ," అంది. "పిల్ల బతకాలి. మీరు ఎక్కడైనా సరే, కుళాయి ఉన్నచోట పని చూసుకోండి. గది ఎంత ఇరుకైనా వస్తాను. తిప్పితే నీళ్లు రావాలి, అంతే నాకు కావలసింది."

పుట్టింటికి నేనే బస్సెక్కించి వచ్చాను.

ఏలూరు మార్కెట్టుకి నేను సైకిలు మీద చేపలు వేసుకెళ్లే రోజుల నుంచీ ఒక సైకిలు షాపు సాయిబు గారు నాకు తెలుసు. ఆయన దగ్గర పంచరు వేయించుకుంటుంటే చెప్పారు. తాడేపల్లిగూడెంలో ఒక క్లబ్బువాళ్లు ఈత కొలను కట్టించారట. పిల్లలకి ఈత నేర్పి, కొలను కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలట. ఎండాకాలంలో ఒక పందెం పెడుతున్నారు, దాంట్లో మొదట వచ్చినవాణ్ణే పెట్టుకుంటారట. వెనకాలే గది ఇస్తారట.

"గదికి కుళాయి ఉందాండీ?" అనడిగాను.

"ఈత కొలను పక్కన గదికి కుళాయి లేకపోతే ఇంకెక్కడుంటుంది తమ్ముడూ?"

ఆ పందేన్ని ట్రయథ్లాన్ అన్నారు. నాకు నోరు తిరగలేదు. మూడాటల పందెం అని పెట్టుకున్నాను. ముందు కాలవలో ఈత, ఆ తడితోనే సైకిలు, సైకిలు దిగి పరుగు. ఏప్రిల్లో అనుకున్నారు గానీ అప్పటికి కాలవలు కట్టేశారు. మళ్లీ నీళ్లు వదిలేదాకా ఆగి, రోహిణి ఎండల్లో పెట్టారు.

నా సైకిలు చేపల గంప మోసిన సైకిలు. సాయిబు గారు దాని క్యారేజీ, స్టాండు, మడ్‌గార్డులు, చైనుకవరు అన్నీ ఊడదీసి తేలిక చేశారు. బెల్లు కూడా విప్పుతుంటే, అదుండనివ్వండి అన్నాను.

"నీకు బెల్లెందుకయ్యా? ఈ కంపుకి జనమే పక్కకి తప్పుకుంటారు. ఇదిగో, గెలిస్తే నీకు బిర్యానీ పెట్టిస్తాను, ఓడితే టీ తాగిస్తాను." ఏ దారిన పోయినా నాకే లాభంలా ఉందే అంటే, "చేపలోడివి, లెక్క తొందరగా పట్టేశావు" అని నవ్వారు.

సైకిలు తొక్కడం నాకు అలవాటే. ఏలూరు నుంచి కాలవగట్టు మీద ఉంగుటూరు దాకా పోయి వస్తుండేవాణ్ణి. పరుగే కొత్త. లంక ఊళ్లో పరిగెత్తి ఎక్కడికి పోతాం? కాస్త పోతే నీళ్లే. ఎండిన చెరువు అడుగున, పగుళ్లు వేసిన ఒండ్రు మీద పరిగెత్తేవాణ్ణి. ఇదివరకు నేను కాపలా కాసిన చెరువే అది.

పందేనికి ముందు వాళ్ల ఇంటి పక్క కిరాణా కొట్టుకి ఫోను చేసి నా భార్యని పిలిపించాను.

"చూడటానికి వస్తావా?"

"పాపని తీసుకుని వస్తానండీ. గెలిస్తే అక్కణ్ణుంచి అటే గదికి పోదాం. ఒక బిందె కొనుక్కొస్తాను, అక్కడికి ఉండాలి కదా." మళ్లీ తనే, "గెలుస్తారా?" అంది.

"ఈతలో నన్ను కొట్టేవాడు గూడెంలో ఎవడున్నాడే?" అన్నాను. అవతల చిన్నగా నవ్వింది. ఆ నవ్వు వినక చాలా రోజులైంది.

ఆ ఉదయం తాడేపల్లిగూడెం కాలవగట్టు మీద జనం బాగానే చేరారు. కొత్తగా వదిలిన నీళ్లు, ఎర్రగా, చిక్కగా ఉన్నాయి. ఎండాకాలమంతా కాలవలో పడ్డ చెత్తా, తెగిన చెప్పులూ, గుర్రపుడెక్క తెట్టెలూ కొట్టుకొస్తున్నాయి. పోటీకి వచ్చినవాళ్లు ఎక్కువగా కాలేజీ కుర్రాళ్లు, పోలీసు సెలక్షన్లకి తయారవుతున్నవాళ్లు. వాళ్ల మధ్యన ఒక బట్టల కొట్టు షావుకారు గారు, బొజ్జ మీద నిక్కరు బిగించుకుని ఉన్నారు. సుగరు తగ్గాలంటే ఈదమని డాక్టరు చెప్పాడట.

"ఏం బాబూ, కొల్లేటివాడివటగా? మరీ ముందుకి పోకు."

"మీ వెనకాలే ఉంటానండీ షావుకారు గారూ."

"అబద్ధాలాడకు. నా వెనక ఎవరుంటారయ్యా? మా ఆవిడే ముందు నడుస్తుంది."

నా భార్య దిగువ రేవు దగ్గర, సైకిళ్లు పెట్టినచోట నిలబడింది. పక్కన పాప. చంకలో కొత్త స్టీలు బిందె, దాని మూతికి గుడ్డ చుట్టి ఉంది. దూరం నుంచి ఎండకి అది తళుక్కుమంటుంటే చూసుకుని నీళ్లలోకి దిగాను.

ఈత గురించి చెప్పడానికేం లేదు. నీళ్ల వాలు తెలిసినవాడికి కాలవ ఒక లెక్కా? నడుముకి తువ్వాలు బిగించి, తెట్టెల్ని తప్పించుకుంటూ పోయాను. దిగువ రేవులో అందరికంటే ముందు నేనే మెట్టు మీద కాలు పెట్టాను. వెనక చాలా దూరందాకా ఎవరూ లేరు. గట్టు మీద ఈలలు, కేకలు.

అప్పుడు నేనేం చేశానో చెబుతాను.

మెట్టెక్కాను. వెనక్కి తిరిగాను. నిలబడ్డాను.

ఆలోచించి చేసింది కాదు. ఒళ్లు తిరిగింది, కాళ్లు ఆగాయి. కలిసి దిగాం, తలలు రావాలి. ఒక్కొక్క తలా వస్తోంది, రేవెక్కుతోంది, నన్ను దాటుకుని సైకిళ్ల వైపు పరిగెడుతోంది. నా ఒంటి మీంచి నీళ్లు కారుతున్నాయి, తువ్వాలు ముట్టుకోలేదు. ఒక కుర్రాడు దాటిపోతూ, "అన్నా, ఫొటో తీయించుకుంటున్నావా?" అన్నాడు. ఈల పట్టుకున్న మాస్టారు, "ఏయ్ బాబూ, నీకే! సైకిలెక్కు!" అని అరుస్తున్నారు. పరిగెత్తు, పరిగెత్తు అని జనం. ఆ అరుపులన్నీ నీళ్లలో ఉన్నవాళ్లని తొందరపెట్టడానికే అనుకున్నాను.

నలుగురిలో గొంతెత్తి ఎరగని నా భార్య అరిచింది. "ఏవండీ! సైకిలు! ఏవండీ!"

తల తిప్పకుండానే ఆవిడ వైపు చెయ్యెత్తాను, ఆగమని. ఇంకొక తల రావాలి.

ఎగువన వంతెన కింద తెట్టెల మధ్యన ఆ తల కనపడింది. కదలడం లేదు. దిగబోయాను. అంతలో కదిలి, తాపీగా, నీళ్ల వాలుకి కొట్టుకుంటూ వచ్చింది. షావుకారు గారు. చెయ్యందించి పైకి లాగాను.

"ఇదేంటి బాబూ, నువ్వింకా ఇక్కడే ఉన్నావు?"

"మీరు రావాలి కదండీ."

"నేను రావడమేంటి? నేను హాయిగా ఆ తూడుకాడల తెట్టె పట్టుకుని ఆయాసం తీర్చుకుంటున్నాను. వెనకాల పడవ మీద తాడు పట్టుకుని ఇద్దరు మనుషులున్నారు కదయ్యా, నా కోసమే పెట్టారు. నీకు పందెం లేదూ?"

అప్పుడు తువ్వాలు పిండుకున్నాను. పిండుతుంటే తెలిసింది.

ఆ తర్వాత తొక్కిన తొక్కుడు ఈ జన్మలో మళ్లీ తొక్కలేను. స్టాండు లేని సైకిలు గడ్డిలో పడి ఉంటే లాక్కుని ఎక్కాను. పడమటి గాలి నిప్పులా ఎదురు కొడుతోంది. ఉంగుటూరు చేరేసరికి సగం మందిని దాటాను. తిరుగుదారిలో ఇంకొంతమందిని. సైకిలు పడేసి పరుగందుకునేసరికి తారు మెత్తబడి ఉంది. నా కాళ్లకి చెప్పులు తప్ప బూట్లెక్కడివి? అవీ సైకిలు దగ్గరే ఉండిపోయాయి. అరికాళ్లు బొబ్బలెక్కి, ఆ బొబ్బలు చితికి, ఆ తర్వాత నొప్పి కూడా తెలియలేదు. ఊరిలోకి వచ్చాక నా ముందు ఒక్క వీపే మిగిలింది. నీలం బనీను. అది దగ్గరవుతోంది, దగ్గరవుతోంది. క్లబ్బు మైదానం గేటు దాటింది. నేను గేటు దాటేసరికి ఆ అబ్బాయి మెడలో దండ పడింది.

ఆ అబ్బాయి మంచివాడే. వచ్చి నా చెయ్యి పట్టుకుని, "మీరు ఆగకపోతే నేనెక్కడండీ" అన్నాడు. క్లబ్బు సెక్రటరీ గారు కూడా తలపట్టుకున్నారు. "ఏం పని చేశావయ్యా! అందరి ముందూ మొదటివాడికి అని చెప్పాం. మాట మార్చలేను." షావుకారు గారు తువ్వాలు కప్పుకుని నా పక్కన కూలబడి, "నా వల్లేనా బాబూ?" అని ఒకటే అడుగుతున్నారు. కాదండీ, కాదండీ అని ఆయన్ని నేనే ఓదార్చాను.

నా భార్య బిందె చంకకెత్తుకుంది. బస్టాండుకి నడిచాం. నేను కాళ్లు ఈడుస్తూ, పాప నా వేలు పట్టుకుని, ఆవిడ బిందెతో ముందు. బల్ల మీద కూర్చున్నాక చెప్పాను, మా ఊరి కట్టుబాటు గురించి. అన్నేళ్లు కాపరం చేసినా ఆవిడకి తెలియదు. వేటకి వెళ్లే గట్టుకి ఆవిడ ఎప్పుడు వచ్చింది గనక?

పాప మధ్యలో అందుకుంది. "అమ్మా, ఆ తాతగారు ఇంకా నీళ్లలోనే ఉన్నారు కదా. నాన్న ఎలా వెళ్తాడు?"

నా భార్య పాప చెదిరిన జుట్టు సర్దింది. "ఇదీ మీ ఊరి పిల్లేనండీ," అంది.

తర్వాత బిందె మీద గుడ్డ సర్దుకుంటూ, మెల్లిగా, ఎవరికీ వినపడకుండా అంది. "ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఆగారు. తప్పని అనను. కానీ నాకు చెయ్యి అడ్డం పెట్టారండీ. నన్ను ఆగమన్నారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆగుతూనే ఉన్నాను కదా. ఇంక నా వల్ల కాదు."

చింతలపూడి వెళ్లే బస్సు వచ్చింది. పాప కిటికీలోంచి చెయ్యి ఊపింది. బిందె ఆవిడ ఒళ్లోనే ఉంది.

ఇంక చెప్పవలసింది కొంచెమే. నీలం బనీను అబ్బాయికి మరుసటి ఏడు పోలీసు ఉద్యోగం వచ్చింది. క్లబ్బువాళ్లు నాకు కబురు చేశారు. ఆ పని నాకే వచ్చింది, ఆ గదీ వచ్చింది. మొదటి రోజు తలుపు తీసి నేరుగా వెళ్లి కుళాయి తిప్పాను. నీళ్లు దబదబా పడ్డాయి. కట్టేశాను. మళ్లీ తిప్పాను. ఆ చప్పుడు వినిపించడానికి ఎవరూ లేరు.

చింతలపూడి వెళ్లి, గదికి వచ్చేయమని అడిగాను. పాపని బళ్లో వేసింది. తనకి పామాయిల్ మొక్కల నర్సరీలో పని కుదిరింది. వాకిట్లో పంచాయతీ కుళాయి పడింది. ఆ స్టీలు బిందె దాని కింద ఉంది, అంచు కొంచెం సొట్టపడింది. అన్నం పెట్టింది. పక్కన కూర్చుని మారు వడ్డించింది. "ఇక్కడ కుదురుకున్నామండీ," అంది. "మీరు వస్తూ ఉండండి." చుట్టాన్ని అన్నట్టు అంది. వెళ్తూనే ఉన్నాను. పండగకీ పబ్బానికీ వెళ్లాను, పాప పెళ్లికి పీటల మీద పక్కపక్కనే కూర్చున్నాం. ఆ పీటల మీద తప్ప మళ్లీ పక్కన కూర్చోలేదు.

కొలనులో ఎంతమంది పిల్లలకి ఈత నేర్పానో. ఆఖరి పిల్ల పైకి వచ్చేదాకా ఎవరినీ తువ్వాలు తీసుకోనిచ్చేవాణ్ణి కాదు. జలుబు చేస్తుందని తల్లులు తిట్టేవారు.

నిరుడు వేసవిలో నా భార్య పోయింది. రెండు రోజుల జ్వరం. నేను వెళ్లేసరికి మాట లేదు. దహనం నా చేతులతోనే జరిగింది. ఆ ఊరి చెరువు ఎండిపోయి ఉంది. స్నానాలకి పామాయిల్ తోటలో మోటారు దగ్గరికి తీసుకెళ్లారు. లావుపాటి గొట్టంలోంచి నీళ్లు దూకుతుంటే ఒక్కొక్కరూ తల తడుపుకుని పక్కకి వస్తున్నారు. నేనే ముందు తడిశాను. వచ్చి నిలబడ్డాను, గొట్టం వైపు తిరిగి.

అక్కడ మునిగేంత నీళ్లు లేవు, ఒడ్డూ లేదు. అందరూ అయిపోయారు. అందరూ తువ్వాళ్లు పిండుకుని దులుపుకున్నారు. నేను నిలబడే ఉన్నాను. కాసేపటికి మా అల్లుడు వచ్చి, "మావయ్య గారూ, ఇంకెవరూ రావలసినవాళ్లు లేరండి. పదండి," అన్నాడు.

తెలుసు నాయనా అన్నాను. మోటారు కట్టేశారు. నా తువ్వాలు నేను పిండలేదు. అది నా ఒంటి మీదే, ఆ ఎండకే ఆరింది.

మళ్లీ ఇవాళ ఆ కాలవలో దింపితే ఏం చేస్తావని మా అమ్మాయి అడిగింది. మళ్లీ అలాగే నిలబడతానమ్మా అన్నాను. అదే నా ఏడుపు. నిలబడతాను, చెయ్యి మాత్రం ఎత్తను.

పొద్దు పోతోంది, లేవండి. మీ ఇంట్లోంచి నీళ్లలోకి దిగినవాళ్లందరూ నవ్వుతూ ఒడ్డెక్కాలి. వాళ్ల కోసం గట్టు మీద ఎదురుచూసే మనిషి మీ ఇంట్లో ఎప్పుడూ ఉండాలి. ఆ మనిషి కోసం ఇంట్లో ఎదురుచూసే మనిషి ఇంకొకరు, విసుగు లేకుండా, చల్లగా ఉండాలి. మీ బిందె మీ కుళాయి కింద నిండుతూనే ఉండాలి.